నాగేంద్రమ్మ దిద్దిన చదరంగం పుస్తకాలు

"ఈ పుస్తకాలు చదివితే తెల్లదోమ పోద్దా, అక్కా?"

అడిగింది శ్రీహరి. అడిగించుకున్నది కారంపూడిలో పురుగు మందుల కొట్టు నడిపే నాగేంద్రమ్మ. పత్తికి మందు కోసం వచ్చిన మనిషి కౌంటరు ముందు నిలబడి ఎంతసేపైనా ఆవిడ తల ఎత్తలేదు. బోర్లించిన అట్టపెట్టె మీద చదరంగం బల్ల, బల్ల మీద ఏడెనిమిది పావులు, పక్కన తెరిచిన పుస్తకం. పుస్తకంలో జవాబు కనపడకుండా మందు డబ్బాలో మడతపెట్టి వచ్చే కాగితం అడ్డం పెట్టుకుని, తెల్ల రాజు వైపే చూస్తోంది.

"తెల్లదోమకు మందుంది. నీ నోటికే ఇంకా ఏ కంపెనీవాడూ కనిపెట్టలా," అంది కళ్ళు బల్ల మీదే ఉంచి. "ఆగు, ఇంకొక్క ఎత్తు."

"నువ్వు ఆ ఎత్తు వేసేలోపు దోమ నా చేనంతా తాగి పక్క చేలోకి పోద్ది."

"పోతే నీకే మంచిది గదా."

పలనాడు మనుషుల గురించి రాయాలంటే పౌరుషంతో మొదలుపెట్టడం ఒక ఆచారమైపోయింది. ఇక్కడ ఎవరూ మీసం తిప్పరు. శ్రీహరికి మీసమే లేదు. అతను పత్తీ మిర్చీ వేసే రైతు. ఊళ్ళో తనే గట్టి ఆటగాడినని అతని నమ్మకం. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. పుస్తకం మాత్రం ముట్టడు. నాగేంద్రమ్మకు అరవై దాటాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదువు, ఆ తర్వాత పెళ్ళి, కొట్టు, ఇరవై ఏళ్ళుగా చదరంగం పుస్తకాలు. కౌంటరు మీద ఇద్దరూ ఆడితే ఈ రోజు ఆమె గెలుస్తుంది, రేపు అతను. అక్కా తమ్ముడూ అని పిలుచుకుంటారు గానీ చుట్టరికమేమీ లేదు. పోట్లాడుకోవడానికి ఆ పిలుపు వీలుగా ఉంటుంది, అంతే.

చదరంగం ఓర్పు నేర్పుతుందని స్కూళ్ళ గోడల మీద రాస్తుంటారు. రాసినవాళ్ళు నాగేంద్రమ్మ ఓడిపోవడం చూడలేదు. ఓడించినవాడికి మందు డబ్బా అందించేటప్పుడు కౌంటరు అదిరేలా పెడుతుంది. పుస్తకాలు వినయాన్నిస్తాయని ఇంకొక మాట ఉంది. ఆమెకు ఇచ్చింది వినయం కాదు, వాదించడానికి సరంజామా.

ఆ సరంజామా మొత్తం నాలుగు పుస్తకాలు. అన్నీ ఇంగ్లీషువే. మందుల కంపెనీలు అప్పుడప్పుడు డీలర్లను విజయవాడకు పిలిచి, పెద్ద హోటల్లో భోజనం పెట్టి, కొత్త సరుకు గురించి ఉపన్యాసం ఇస్తాయి. మైకు పట్టుకున్నవాడు "మిత్రులారా" అనగానే నాగేంద్రమ్మ సంచీ తీసుకుని బయటపడేది. పాత పుస్తకాల షాపుల్లో అట్టలు తిరగేసి, గళ్ళ బొమ్మలు ఎక్కువున్న పుస్తకం ఏరుకుని, భోజనాల వేళకు తిరిగొచ్చేది. పుస్తకంలో బొమ్మలు, బొమ్మ కింద అక్షరమూ అంకెలూ చదువుతుంది. మధ్యలోని ఇంగ్లీషు వదిలేస్తుంది. "అది స్టేజీ మీద ఉపన్యాసం లాంటిది. సరుకంతా బొమ్మలోనే ఉంటది," అని ఆవిడ లెక్క.

పుస్తకాల అసలు పేర్లు ఆమెకు అక్కర్లేదు. ఎర్రది, లావుది, కబుర్లది, నీలిది. అంతే. పిల్లాడికి చెస్ నేర్పించాలనుకునే తల్లిదండ్రులు ఎవరైనా కొట్టుకొచ్చి ఏ పుస్తకం కొనాలని అడిగితే మాత్రం, ఆకు చూసి తెగులు చెప్పినంత ధీమాగా చెబుతుంది.

ఎర్రదాంట్లో అన్నీ రెండెత్తుల్లో ఆటకట్టు లెక్కలు. "ఇది పిచికారీ. కొంచెం కొంచెం, మానకుండా కొట్టాలి. ఒక్కరోజే డ్రమ్ముడు కొడితే మొక్క మాడిద్ది."

లావుది ఆట మొదలుపెట్టే పద్ధతుల గురించి. "ఇది టానిక్. వచ్చినవాళ్ళంతా ఇదే కావాలంటారు. ఆకు పచ్చగా కనపడిద్ది, కాయ రాదు." కారంపూడిలో మూడో ఎత్తుకల్లా ఎదుటివాడు లావు పుస్తకంలో ఎక్కడా లేని ఎత్తు వేస్తాడు. అప్పటి నుంచి ఆ పుస్తకం దిక్కులేనిదైపోతుంది. ప్రస్తుతం అది గాలికి బిల్లులు ఎగిరిపోకుండా వాటి మీద బరువుగా పని చేస్తోంది.

కబుర్లదాంట్లో ఎవరో పెద్ద ఆటగాడి ఆటలు మొదటి నుంచి చివరి దాకా, కబుర్లతో సహా ఉన్నాయి. కబుర్లు వదిలేసి ఆటలు మాత్రం ఎండాకాలంలో, బేరం లేనప్పుడు ఆడుకుంటుంది. "పక్కోడి చేను చూసొచ్చినట్టు. చూసొస్తే మన చేలో ఏం తప్పు చేశామో తెలిసిద్ది."

నీలిది చివరి ఆటలది. బల్ల మీద అయిదారు పావులు మిగిలాక గెలవడం ఎలాగో చెప్పే పుస్తకం. ఆమెకు ప్రాణం. "ఇది దుక్కిలో వేసే అడుగు మందు, నాయనా. వేసినప్పుడు ఎవరికీ కనపడదు. పంట చివర్లో తెలిసిద్ది."

ఇంతవరకు ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. చిక్కంతా బంటు దగ్గర ఉంది.

కారంపూడిలో చిన్నప్పటి నుంచి ఆమె నేర్చుకున్న ఆటలో, బంటు అవతలి చివరకు చేరితే అది ఏ వరుసలో చేరిందో ఆ వరుస పావు అవుతుంది. ఏనుగు వరుసలో పోతే ఏనుగు. గుర్రం వరుసలో పోతే గుర్రం. ఒంటె వరుసలో ఒంటె. మంత్రి కావాలంటే నడిమి రెండు వరుసల్లోనే పోవాలి. చాలా ఊళ్ళలో ఇలాగే ఆడేవాళ్ళు. ఇలాంటి ఊరి రూల్స్ ఇంకా ఉండేవి. రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు అన్నది ఒకటి. పుస్తకాల్లో రాజు ఎక్కడా దూకకపోయేసరికి ఆమె దాన్ని తన కౌంటరు మీద నుంచి ఎత్తేసింది. బంటు రూలు మాత్రం ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయిందంటే, పుస్తకం మీద అనుమానం వచ్చింది గానీ రూలు మీద రాలేదు. నీలి పుస్తకంలో ఒంటె వరుసలో చేరిన బంటు మంత్రి అయినట్టు కనిపించింది. నాగేంద్రమ్మ పెన్సిలు తీసి, మంత్రిని కొట్టేసి, ఒంటె అని దిద్దింది. గుర్రం వరుసలోనూ మంత్రే. కొట్టేసి గుర్రం అని దిద్దింది. "ఇంగ్లీషు పుస్తకమని పేరే గానీ ఎన్ని అచ్చుతప్పులు!" అని మొగుడు పుల్లారావుకు చూపించింది. పుల్లారావు గోడౌన్ చూసుకునే మనిషి. చదరంగం బల్ల చూస్తే ఆయనకు ఆవులింతలొస్తాయి. "ఆ కంపెనీకి కంప్లయింట్ పెట్టు," అని పడుకున్నాడు.

దిద్దాక సగం లెక్కలు గెలుపు దాకా పోయేవి కావు. మంత్రితో గెలవాల్సిన చోట ఒంటెతో ఎవరు మాత్రం గెలుస్తారు? దానికీ ఆమె దగ్గర సమాధానముంది. రాసినాయన తెలివైనవాడే గానీ తొందర ఎక్కువ. ఎర్ర పుస్తకం మొదట్లో రూల్స్ అని ఒక అధ్యాయం బొమ్మలతో సహా ఉంది. దాన్ని ఆవిడ తెరవలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆడుతున్న ఆటకు మళ్ళీ రూల్స్ చదివేదేంది?

నీలి పుస్తకంలో ఒక్క లెక్క మాత్రం ఆమెను పూర్తిగా ముంచింది. అందులో ఏనుగు వరుసలో చేరిన బంటు నిజంగానే ఏనుగు అవుతుంది. పక్కన, గొప్ప ఎత్తుకు వేసే ఆశ్చర్యార్థకం కూడా ఉంది. "ఈ ఒక్క చోట సరిగ్గా అచ్చేశారు. వాళ్ళకే ఆశ్చర్యమేసినట్టుంది," అనుకుంది. తన రూలుకు పుస్తకమే సాక్ష్యం చెప్పాక ఇంక అనుమానమెక్కడిది?

మొన్న ఏప్రిల్‌లో నరసరావుపేట నుంచి ఆనంద్ బాబు అనే డ్రాయింగ్ మాస్టారు వచ్చాడు. ఆదివారాలు పిల్లలకు చెస్ క్లాసులు చెబుతాడు. మే నెలలో అక్కడ ఒక కల్యాణ మండపంలో ఒకరోజు టోర్నమెంటు పెడుతున్నామని, కొట్టు షట్టరు మీద పోస్టరు అంటిస్తానని అడిగాడు. కౌంటరు మీద బల్ల చూసి, "మీరు కూడా రండమ్మా, వయసుతో పనిలేదు," అన్నాడు.

"ఎందుకు లేదు? మోకాళ్ళనడుగు," అంది నాగేంద్రమ్మ.

శ్రీహరి అక్కడే బెంచీ మీద కూర్చుని సోడా తాగుతున్నాడు. ఇలాంటి అవకాశం కోసమే పుట్టినట్టు సీసా పక్కన పెట్టాడు.

"పోక్కా. ఇరవై ఏళ్ళు చదివావు గదా, పరీక్ష రాయవా? ఆరాటలంట. మూడు పాయింట్లు తే చాలు. సగం. పాసు మార్కులంతే."

"తెస్తే?"

"నువ్వు ఏ పుస్తకం అడిగితే ఆ పుస్తకం కొత్తది కొనిస్తా. తేకపోతే ఈ నాలుగూ పాత పేపర్ల బండికి ఎయ్యాలి. మళ్ళీ నా ముందు పుస్తకంలో అట్టుంది, పుస్తకంలో ఇట్టుంది అనగూడదు."

పుల్లారావు గోడౌన్‌లో నుంచి కేకేశాడు. "ఏమే, ఒప్పుకోమాక! మూడు రాకపోతే నువ్వు నాతో కబుర్లు చెప్పాల్సొచ్చిద్ది."

నాగేంద్రమ్మ ఒప్పుకుంది. పందెం కోసం కాదు. ఇరవై ఏళ్ళు ఆడింది ఒకే కౌంటరు మీద, వచ్చిన నలుగురితోనే. చదివినదాంట్లో లోపలికి దిగిందెంత, పైపైనే కారిపోయిందెంత అని అప్పుడప్పుడు ఆమెకు గుబులుగా ఉండేది. ఆ సంగతి శ్రీహరికి చెప్పే మనిషి కాదు. ఆ నెలంతా నీలి పుస్తకం కౌంటరు దిగలేదు. బేరానికొచ్చినవాళ్ళు వాళ్ళ మందు వాళ్ళే అలమరలో నుంచి తీసుకున్నారు.

టోర్నమెంటు రోజు తొలి బస్సెక్కారు. పులిహోర డబ్బాతో పుల్లారావు, సాక్షిగా శ్రీహరి, నీలి పుస్తకం సంచీలో పెట్టుకుని నాగేంద్రమ్మ. మండపం నిండా బల్లలు, బల్లకొక గడియారం, పిల్లలు, పిల్లల వెనక టెన్షన్ పడే తల్లులు. ఆట చెరో ఇరవై నిమిషాలు. తన ఎత్తు అయ్యాక గడియారం నొక్కాలి.

మొదటి ఆట జాహ్నవి అనే మూడో తరగతి పిల్లతో. ఆ పిల్ల కుర్చీ మీద మోకాళ్ళేసుకుని కూర్చుంది. నాగేంద్రమ్మ ఎత్తు వేసి, చేతులు కట్టుకుని, గడియారం సంగతే మరిచిపోయి ఆలోచనలో పడేది. చివరికి జాహ్నవే చెప్పింది.

"అమ్మమ్మా, గడియారం నొక్కండి. మీ టైమే పోతోంది."

"నీకేం నష్టం? ఊరుకుంటే నువ్వే గెలుస్తావుగా."

"ఊరుకుంటే మా సార్ తిడతారు."

చెప్పీ చెప్పీ గెలిచింది ఆ పిల్ల. పావులతోనే గెలిచింది, గడియారంతో కాదు. లేచేటప్పుడు నాగేంద్రమ్మ ఆ పిల్లకు పులిహోర పెట్టింది. ఓడించినవాళ్ళకు ఆమె ఏదైనా మెత్తగా అందించడం పుల్లారావు అదే మొదటిసారి చూశాడు.

రెండో ఆటకు మనుషులు బేసి సంఖ్య అయ్యారు. మిగిలిపోయింది నాగేంద్రమ్మ. ఆనంద్ బాబు వచ్చి, జత కుదరలేదనీ, ఇలా మిగిలినవాళ్ళకు ఆడకుండానే ఒక పాయింటు ఇస్తారనీ చెప్పాడు.

"ఎవర్తో గెలిచావక్కా?" అన్నాడు శ్రీహరి.

"కుర్చీతో."

"గట్టి పోటీయేనా?"

"నీకంటే నయం. నోరెత్తలేదు."

మూడో ఆట ఇర్ఫాన్‌తో. చిలకలూరిపేట కుర్రాడు, ఇంజినీరింగు చదువుతున్నాడు, మర్యాదస్థుడు. ఆట చాలాసేపు సాగి బల్ల దాదాపు ఖాళీ అయింది. ఇర్ఫాన్‌కు రాజు, ఒక బంటు మిగిలాయి. ఆ రాజు నాగేంద్రమ్మ ఎడమ చేతి మూలకు ఆనుకుని ఉంది. చుట్టూ ఉన్న గళ్ళకు ఆమె రాజు కాపలా కాస్తోంది, పైన అతని బంటే అడ్డం. కదలడానికి ఒక్కటే గడి ఉంది, సరిగ్గా మూలది. నాగేంద్రమ్మకు రాజు, కుడిచేతి అంచున, ఏనుగు వరుసలో ఒక బంటు. ఇంకొక్క అడుగు వేస్తే అది చివరకు చేరుతుంది.

ఇర్ఫాన్ పెదవుల మీద చిన్న నవ్వు. అతను కావాలనే ఇక్కడికి లాక్కొచ్చాడు. ఆ అడుగు వేసి ఎవరైనా మంత్రినే పెడతారు. పెడితే, ఆ మంత్రి కుడి మూల నుంచి ఈ ఎడమ మూల దాకా ఏటవాలుగా చూస్తుంది. మూల గడి కూడా మూసుకుపోతుంది. రాజుకు చెక్ లేదు, రాజుకు గానీ బంటుకు గానీ కదలడానికి చోటూ లేదు. ఆట డ్రా.

నాగేంద్రమ్మ బంటును తోసి, ఏమాత్రం తడుముకోకుండా, ఏనుగును పెట్టి గడియారం నొక్కింది.

ఏనుగు ఏటవాలుగా చూడదు. మూల గడి తెరిచే ఉంది. ఇర్ఫాన్ రాజు అందులోకి పోక తప్పలేదు. ఆ తర్వాతది నీలి పుస్తకంలో ఆమె ఎన్నిసార్లో పెట్టుకుని చూసిన లెక్కే. తన రాజును ఒక గడి దగ్గరికి తెచ్చింది. అతను ఏదో ఒకటి ఆడాడు. ఏనుగు కిందికి దిగింది. ఆటకట్టు.

ఇర్ఫాన్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. చుట్టూ మూగారు. ఆనంద్ బాబు పరుగున వచ్చి బల్ల చూసి, "అమ్మా! ఇది మీకెట్లా తట్టింది?" అన్నాడు.

"తట్టేదేముంది బాబూ? నీలి పుస్తకంలో ఉంది. ఆశ్చర్యార్థకం కూడా వేశాడు."

చెప్పింది అక్షరాలా నిజం. అప్పటికప్పుడు మండపమంతా పాకింది: కారంపూడి నుంచి ఒకావిడ వచ్చింది, చివరి ఆటలు చాలా లోతుగా చదివింది. తల్లులు పిల్లల్ని తెచ్చి చూపించారు. పల్లెల్లో దాగిన ప్రతిభ అని ఒకాయన ఫోన్లో వీడియో తీస్తూ ఏదో చెప్పసాగాడు. పాపం ఆయనకు ఇంకో గంట ఆగాలని ఎవరూ చెప్పలేదు.

నాలుగో ఆట మాచర్ల నుంచి వచ్చిన జీవరత్నం అనే బ్యాంకు ఉద్యోగితో. బల్ల చుట్టూ జనం. ఆట నాగేంద్రమ్మ చేతిలోనే ఉంది. ఆమె బంటు ఈసారి గుర్రం వరుసలో చివరకు చేరింది. మంత్రిని పెడితే జీవరత్నం అక్కడికక్కడే చెయ్యి కలిపి లేచిపోయేవాడు. ఆమె నిండు ధీమాతో గుర్రాన్ని పెట్టింది.

జనం ఇంకా దగ్గరికి జరిగారు. మళ్ళీ ఏదో చేసింది! జీవరత్నం నుదురు తుడుచుకున్నాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. ఆ గుర్రం ఎటు దూకుతుందో, ఎక్కడ ఉచ్చు ఉందోనని తనకు మిగిలిన టైములో సగం తగలేశాడు. వెనక నిలబడ్డ ఇర్ఫాన్ కూడా లోపల్లోపల ఎత్తులు లెక్కపెట్టి, ఏమీ తేలక, భక్తిగా చూస్తూ ఉండిపోయాడు. చివరికి జీవరత్నం ప్రాణాలకు తెగించినట్టు తన ఏనుగును ఆ గుర్రం మీదికి తోలి, రెండెత్తుల తర్వాత దాన్ని కొట్టేశాడు. ఏమీ కాలేదు. ఉచ్చు లేదు. ఇంకో పది ఎత్తులకు నాగేంద్రమ్మ ఓడిపోయింది.

"అమ్మా," అన్నాడు ఆనంద్ బాబు మెల్లగా, "మంత్రిని పెట్టుంటే అయిపోయేది గదా. గుర్రమెందుకు పెట్టారు?"

"గుర్రం వరుసలో పోతే గుర్రం గాక మంత్రి ఎట్టా వచ్చిద్ది, బాబూ?"

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది జాహ్నవికి. ఆ పిల్ల ఇంట్లో తాతయ్య కూడా ఇలాగే గొడవ చేస్తాడట.

"అమ్మమ్మా, ఏ వరుసలో పోయినా మంత్రిని పెట్టుకోవచ్చు. మనిష్టం. రాజు తప్ప ఏదైనా."

"ఎవరు చెప్పారు?"

"రూలే అది."

ఆనంద్ బాబు ఫోన్లో రూల్స్ తీసి చూపించాడు. నాగేంద్రమ్మ అద్దాలు సర్దుకుని చూసింది. శ్రీహరి ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

"అదేందండీ," అన్నాడు శ్రీహరి, ఆ క్షణంలో పందెం కూడా మరిచిపోయి. "మా ఊళ్ళో అట్టా లేదే!"

"మీ ఊళ్ళో లేకపోతే నేనేం చేసేదండీ?" అన్నాడు ఆనంద్ బాబు.

ఇర్ఫాన్ ముందుకొచ్చాడు. గొంతులో అనుమానం. "ఆంటీ... అయితే నా ఆటలో ఆ ఏనుగు?"

"ఏనుగు వరుస గదా నాయనా. రూలనుకునే పెట్టా."

ఆ కుర్రాడు నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. వీడియో తీసినాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆమెకు ఏదో అంతర్దృష్టి ఉందని చెప్పాలని ఇప్పటికీ ఎవరికైనా అనిపిస్తే వద్దు. ఆమెకు రూలు తెలియదు, అంతే. ఏనుగు ఊరి రూలు వల్ల వచ్చింది. దాని తర్వాతి రెండెత్తులు మాత్రం పుస్తకం చదివినందువల్ల వచ్చాయి. ఎవరి వాటా వారికివ్వాలి.

పులిహోర దగ్గర కూర్చున్నప్పుడు నాగేంద్రమ్మ సంచీలో నుంచి నీలి పుస్తకం తీసింది. పేజీ విడిచి పేజీ పెన్సిలు గీతలే. మొహం వాడిపోయింది. "ఇన్నేళ్ళూ ఈయన్ని తొందర మనిషన్నాను," అంది.

"పోనీలేవే," అన్నాడు పుల్లారావు. "ఇన్నేళ్ళూ మంత్రి లేకుండా నెట్టుకొచ్చావు. ఇప్పుడు మంత్రితో ఆడితే ఎట్టుండిద్దో చూడు."

"నీకు మంత్రి ఏదో, ఏనుగు ఏదో తెలుసా?"

"తెలవదు. పులిహోర తిను."

అయిదో ఆటలో ఆమె మనసు బల్ల మీద లేదు, పాత పేజీల్లో ఉంది. తొందరగానే ఓడిపోయింది. రెండు పాయింట్లు. మిగిలింది ఒక్క ఆట. గెలిస్తే మూడు, డ్రా అయినా రెండున్నరే. శ్రీహరి పాత పేపర్ల బండివాడి నంబరు తన దగ్గరుందని రెండుసార్లు చెప్పాడు. గొంతులో మునుపటి హుషారు లేదు. అతనూ ఆ రూలు విన్నప్పటి నుంచి తన పాత ఆటలన్నీ మనసులో తిరగేసుకుంటున్నాడు.

ఆరో ఆట సత్తెనపల్లి నుంచి వచ్చిన రిటైర్డ్ పోస్ట్‌మాస్టరుతో. ఆయన టానిక్ మనిషి. మొదటి పది ఎత్తులు లావు పుస్తకంలో ఉన్నట్టే గబగబా వేశాడు. ఆ తర్వాత నెమ్మదించాడు. నాగేంద్రమ్మ పావుకు పావు కొట్టించి, కొట్టించి, ఆటను తన చేలోకి లాక్కొచ్చింది. చివరికి ఆయనకు రాజూ మూడు బంట్లు, ఆమెకు రాజూ రెండు బంట్లు. పైకి చూస్తే ఆయనదే పైచేయి. కానీ రాజును ఎటు నుంచి నడిపిస్తే ఎదుటి రాజు దారి మూసుకుపోతుందో నీలి పుస్తకం ఆమెకు కంఠతా పట్టించింది. ఆ పేజీల్లో దిద్దుబాట్లు లేవు. ఆమె బంటు ఒకటి ముందుకు సాగింది. అది ఒంటె వరుస.

బంటు చివరకు చేరింది. ఆమె చెయ్యి తనంత తాను పోయి, చచ్చిన పావుల్లోంచి ఒంటెను తీసింది. గాల్లోకి లేపింది.

ఆట నడిచేటప్పుడు పక్కనున్నవాళ్ళు మాట్లాడకూడదు. జాహ్నవి రెండు చేతులతో నోరు మూసుకుంది. శ్రీహరి అయితే, ఒంటే గదా, ఇంకేంది అన్నట్టు తలూపుతున్నాడు. అతని తల కూడా ఇంకా కారంపూడిలోనే ఉంది.

నాగేంద్రమ్మ చేతిలోని ఒంటెను చూసింది. పక్కన పెట్టింది. పడుకోబెట్టి ఉన్న మంత్రిని తీసి, ఆ గడిలో నిలబెట్టి, గడియారం మీద గట్టిగా కొట్టింది. ఒంటె వరుసలో మంత్రిని నిలబెట్టడం ఆమె జీవితంలో అదే మొదలు. పోస్ట్‌మాస్టరు ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపాడు.

మూడు పాయింట్లు. గోడ మీద అంటించిన కాగితంలో పేరు పక్కన అచ్చేసి ఉంది. నాగేంద్రమ్మ దాన్ని ఫోన్‌తో ఫొటో తీయించింది. ఆనంద్ బాబుతో కాదు, శ్రీహరితో.

కారంపూడి వచ్చాక కొత్త రూలు కౌంటరు మీద ప్రకటించింది. జనం ఒప్పుకోలేదు. గురజాల నుంచి మందుకొచ్చిన రైతొకాయన ఆట ఆపేసి గొడవకు దిగాడు.

"ఏ బంటు పోయినా మంత్రేనా? అయితే రాజుకు ఎంతమంది మంత్రులు? క్యాబినెట్ పెట్టుకుంటాడా?"

"పెట్టుకుంటాడు. నీకేం?"

"మరి గుర్రాలకు, ఒంటెలకు మర్యాదేముంది?"

"ఇష్టముంటే పెట్టుకో. ఎవరొద్దన్నారు? నేనొకసారి ఏనుగును పెట్టి గెలిచా," అంది నాగేంద్రమ్మ, మిగతా కథ చెప్పకుండా.

మే నెల మిగిలిన రోజులన్నీ ఆమె రబ్బరు పట్టుకుని కూర్చుంది. ఒక్కో పేజీలో దిద్దుబాటు చెరపడం, బొమ్మ ప్రకారం పావులు పెట్టడం, ఈసారి మంత్రితో ఆడి చూడటం. ఇన్నేళ్ళూ కుంటుతూ వచ్చిన లెక్కలు ఒకటొకటే నిలబడి నడిచాయి. గెలుపు లేదనుకున్న చోటల్లా గెలుపుంది. రాసినాయన ఎక్కడా తొందరపడలేదు. ఒక్కో లెక్క తేలినప్పుడల్లా గోడౌన్ వైపు కేకేసేది. "ఏమయ్యా, ఇది కూడా కరెక్టే!" లోపలి నుంచి "ఊఁ" అని వినపడేది. పుస్తకాలు పాతవే, చదవాల్సిందంతా మళ్ళీ కొత్తది. ఎర్ర పుస్తకంలో రూల్స్ అధ్యాయం కూడా, బొమ్మలు చూస్తూ ఇంగ్లీషు కూడబలుక్కుంటూ, మొత్తం చదివింది. అందులో తనకు తెలియనిది ఇంకొకటి దొరికింది గానీ, అదేమిటో శ్రీహరితో ఒక ఆట గెలిచే దాకా ఎవరికీ చెప్పనంది.

పందెం సంగతే తేలలేదు. కుర్చీతో గెలిచిన పాయింటు లెక్కలోకి రాదని శ్రీహరి వాదన. గోడ మీద మూడని అచ్చేశారా లేదా అని ఆమె వాదన. తీర్పు కౌంటరుకొచ్చిన ప్రతి మనిషీ చెప్పాడు, సగం అటు, సగం ఇటు.

"మనిషి లేకుండా గెలుపేందక్కా? చేనే వెయ్యకుండా పత్తి తీసినట్టు."

"పంటల బీమా డబ్బులు వచ్చినప్పుడు ఆ మాట అనలేదే నువ్వు," అంది నాగేంద్రమ్మ.

పేపర్ల బండి వీధిలోంచి పోయినప్పుడల్లా అతను దాని వైపు చూస్తాడు గానీ పిలవడు. నాలుగు పుస్తకాలూ అలమరలోనే ఉన్నాయి. లావుది కూడా బిల్లుల మీద నుంచి లేచి వాటి పక్కన చేరింది. ఆమె అడిగిన కొత్త పుస్తకం ఏనుగుల చివరి ఆటల మీద. ఆనంద్ బాబు తెప్పించి ఇచ్చాడు. ప్రస్తుతానికి సొమ్ము ఆమే కట్టింది.

ఆ పుస్తకం ఖరీదు ఎనిమిది వందల యాభై రూపాయలు. శ్రీహరి ఇంకా ఇవ్వలేదు.